డాలస్ నుంచి న్యూ ఆర్లియన్స్ దాకా: దారిలో ఏం తినాలి, తినేముందు ఏం అడగాలి

ప్రశ్న: మాది విజయవాడ. ఏప్రిల్ మొదటి వారంలో డాలస్‌లో ఉన్న మా అమ్మాయి దగ్గరికి వెళ్తున్నాం. అక్కణ్ణుంచి అల్లుడు కారులో ఆస్టిన్, హ్యూస్టన్, లఫాయెట్ మీదుగా న్యూ ఆర్లియన్స్ తీసుకెళ్తానన్నాడు. ఆరు రోజుల ప్రయాణం. నేను కోడి, మేక, చేప, రొయ్య తింటాను. గొడ్డు మాంసం, పంది మాంసం ముట్టను. షుగర్ ఉంది. మా ఆవిడ శాకాహారి, కేకులో గుడ్డు పడితే పర్వాలేదంటుంది. "అమెరికాలో తిండేముంది మామయ్యగారూ, ఎక్కడికెళ్ళినా బర్గర్, పిజ్జాలే" అంటాడు అల్లుడు. మా ఆవిడేమో ఆరు రోజులకీ పులిహోర, చపాతీలు కట్టేసుకుందామంటోంది. నిజంగా ఆ దారిలో ఆ ఊళ్ళకే చెందిన తిండి లేదా? ఉంటే మాలాంటివాళ్ళం తినగలమా?

సమాధానం: మీ అల్లుడిగారు హైవే పక్కన బోర్డులు చూసి చెప్పిన మాట అది. ఎగ్జిట్ల దగ్గర దేశమంతా అవే కంపెనీలు, అవే మెనూలు. ఎగ్జిట్ దిగి నాలుగు మైళ్ళు ఊళ్ళోకి పోనిస్తే సంగతి వేరు. పైగా మీరు వెళ్తున్న దారి తెలుగు నాలుకకి అమెరికాలో బాగా దగ్గరైన దారుల్లో ఒకటి. లూసియానాలో అడుగుపెట్టాక అటూ ఇటూ వరి చేలు, అన్నం మీద పులుసులాంటివి పోసుకుని తినే జనం, కూరలో బెండకాయ, బల్ల మీద మిరపకాయ సీసా, పొద్దున్నే చికోరీ కలిపిన పాల కాఫీ. చప్పగా ఉంటుందేమోనన్న భయం మీకు అక్కర్లేదు.

మీకు అడ్డొచ్చేది వేరే ఉంది. ఈ ప్రాంతంలో పంది మాంసాన్ని కూరగా కన్నా తాలింపుగా ఎక్కువ వాడతారు. చిక్కుడు గింజల్లో, ఆకుకూరల్లో, రొయ్యల పులుసులో ఒక ముక్క వేసి ఉడికించి, కొన్నిసార్లు ఆ ముక్క తీసేసి వడ్డిస్తారు. కంటికి కనపడదు, మెనూలో రాయరు. అందుకని వంటకం పేరు అడిగి ఊరుకోవద్దు. ఏ కొవ్వులో వేయించారో, ఏ నీళ్ళలో ఉడికించారో అడగండి. 'లార్డ్' అంటే పంది కొవ్వు. 'బేకన్', 'హామ్ హాక్', 'సాల్ట్ పోర్క్' అన్నీ పందివే. లూసియానాలో 'ఆండూయి' అంటే పొగబెట్టిన పంది సాసేజ్, 'టాసో' అంటే కారం పట్టించి పొగబెట్టిన పంది మాంసం. 'బ్రాత్', 'స్టాక్' అంటే ఎముకలో, మాంసమో ఉడికించిన నీళ్ళు.

"ఇందులో మీట్ ఉందా?" అని అడిగితే చాలామంది పెద్ద ముక్కలు ఉన్నాయా అని అడిగారనుకుని లేదనేస్తారు. సాసేజ్‌ని, బేకన్‌ని మీట్ కింద లెక్కపెట్టనివాళ్ళూ ఉంటారు. 'వెజిటేరియన్' అంటే చేప తింటారేమో అనుకునేవాళ్ళూ ఉంటారు. ఒక్కొక్కటీ పేరు పెట్టి అడగాలి: "ఈజ్ దేర్ ఎనీ బేకన్, సాసేజ్, లార్డ్ ఆర్ బ్రాత్ ఇన్ దిస్?" ఆ అమ్మాయికో అబ్బాయికో తెలియకపోతే వంటింట్లో కనుక్కుని రమ్మనండి. ఇక్కడ అది మర్యాద తప్పినట్టు కాదు, అలర్జీలున్నవాళ్ళు రోజూ అడుగుతారు.

ఇక దారిలోకి వద్దాం.

డాలస్ నుంచి ఆస్టిన్‌కి ఐ-35 మీద సుమారు 75 మైళ్ళు వెళ్ళాక, వేకో ఇంకో 20 మైళ్ళుందనగా వెస్ట్ అనే చిన్న ఊరొస్తుంది. దిక్కు పేరు కాదు, ఊరి పేరే అది. 19వ శతాబ్దం చివర్లో చెక్ దేశస్థులు వచ్చి స్థిరపడిన ప్రాంతం. వాళ్ళ 'కొలాచీ' కోసం ఇక్కడ ఆగండి. అరచేతిలో పట్టే మెత్తటి తియ్యటి బన్ను, నడుమ వేలితో గుంట నొక్కి అందులో పూర్ణం పెట్టి కాలుస్తారు. ఆప్రికాట్, ప్రూన్, తియ్యటి చీజ్, గసగసాలు అనేవి పాత రకాలు. మీ ఆవిడగారికి గసగసాలదే ఇప్పించండి. పాలు, చక్కెరతో నూరి ఉడికించిన నల్ల గసగసాల ముద్ద అది. మన గసగసాల పాయసం రుచి తెలిసిన నోటికి పరిచయం అక్కర్లేదు.

ఒక్క గుర్తు పెట్టుకోండి. నడుమ తెరిచి పూర్ణం కనబడుతుంటే తీపిది. అన్ని వైపులా మూసి ఉంటే లోపల సాసేజ్ ఉన్నట్టే. దాన్ని చెక్‌వాళ్ళు 'క్లోబాస్నెక్' అంటారు గానీ, టెక్సస్‌లో చాలా కొట్లలో రెండిటినీ కొలాచీ అనే అమ్ముతారు. బన్ను పిండిలో వెన్నా, లార్డా అన్నది కూడా అడగండి. పొద్దున పూట వేడిగా తినాల్సిన సరుకు ఇది, మర్నాటికి గట్టిపడుతుంది.

ఆస్టిన్‌లో పొద్దుటి ఫలహారం బ్రేక్‌ఫాస్ట్ టాకో, అంటే టోర్టియా అనే పల్చటి మెక్సికన్ రొట్టెలో కూర పెట్టి మడిచేది. బంగాళదుంప-గుడ్డు-చీజ్ రకం గానీ, చిక్కుడు-చీజ్ రకం గానీ చెప్పండి. మీ ఆవిడగారికి విడిగా గుడ్డు పనికిరాదంటే బంగాళదుంప, చీజ్ మాత్రం పెట్టమంటే పెట్టేస్తారు. రెండు చోట్ల జాగ్రత్త. మెత్తగా మెదిపిన 'రీఫ్రైడ్ బీన్స్'ని పాత పద్ధతిలో లార్డ్‌తోనే చేస్తారు, గోధుమ టోర్టియాలోనూ అది పడొచ్చు. మొక్కజొన్న టోర్టియాకి ఆ బెడద లేదు. గింజల్ని సున్నపు నీళ్ళలో ఉడికించి, కడిగి, రుబ్బి రొట్టె వేస్తారు, అంతే. మన జొన్నరొట్టె తినేవాళ్ళకి అదే బాగా ఎక్కుతుంది కూడా. పక్కన ఇచ్చే ఆకుపచ్చ సాల్సా అడిగి తీసుకోండి. టొమాటియో అనే పుల్లటి కాయ, పచ్చిమిర్చి కలిపి నూరింది, మన పచ్చి టమాట పచ్చడికి దగ్గరి చుట్టం.

ఆస్టిన్ వెళ్ళినవాళ్ళందరూ బార్బెక్యూ తినమంటారు. దక్షిణంగా 30 మైళ్ళలో ఉన్న లాక్‌హార్ట్ ఊరు దానికి పెట్టింది పేరు. అక్కడి క్రూట్స్ మార్కెట్ 1900లో, బ్లాక్స్ 1932లో మొదలయ్యాయి. కానీ మీకు చెప్పాల్సిన మాట ఏమిటంటే, అక్కడ జనం వెళ్ళేది 'బ్రిస్కెట్' కోసం. అది ఆవు రొమ్ము మాంసం. ఉప్పు, మిరియాలు రాసి పోస్ట్ ఓక్ కట్టెల పొగ మీద 10 నుంచి 14 గంటలు పెడతారు. మీరు తినగలిగేది టర్కీ అనే పెద్ద సీమకోడి, మామూలు కోడి మాత్రమే. సాసేజ్‌లో గొడ్డు, పంది మాంసాలు కలిసి ఉంటాయి. ఒకే చెక్క పలక మీద, ఒకే కత్తితో అన్నీ కోస్తారు. పలక మార్చమని అడగొచ్చు గానీ, వెనక యాభై మంది నిలబడి ఉంటే ఆ పని జరగడం కష్టం. పక్కన ఇచ్చే చిక్కుడు గింజల్లోనూ బ్రిస్కెట్ ముక్కలు వేస్తుంటారు. ఈ మొత్తం ప్రయాణంలో మీరు నిశ్చింతగా వదిలేయదగ్గ ఊరు ఏదైనా ఉందంటే అది లాక్‌హార్టే. ఒకవేళ అల్లుడిగారి కోసం వెళ్తే కొట్టు తెరిచే వేళకి వెళ్ళండి. టర్కీని మీ కళ్ళముందే కోయించి వెంటనే తినండి. కోసి పది నిమిషాలు పెడితే పీచులా ఎండిపోతుంది. మనిషికి అర పౌను, అంటే పావు కిలోకి కాస్త తక్కువ, చాలు.

టెక్సస్‌లో మీకు మేక మాంసం దొరికేది మెక్సికన్ హోటళ్ళలో. 'కబ్రీతో' అంటే మేకపిల్ల. 'బిర్రియా' అసలు మేకతో చేసే కారపు పులుసు, ఇప్పుడు చాలాచోట్ల గొడ్డు మాంసంతో చేస్తున్నారు. 'బిర్రియా దె చీవో' అంటే మేకది, 'దె రెస్' అంటే గొడ్డుది. ఎండు మిరపకాయలు నానబెట్టి నూరి, మసాలా దినుసులు వేసి గంటల తరబడి ఉడికిస్తారు. ఆదివారం మాంసం కూరకి అలవాటుపడ్డవాళ్ళకి లాక్‌హార్ట్ కన్నా ఇది ఎంతో నయం.

హ్యూస్టన్ నుంచి మొదలయ్యేదే మీ ప్రయాణంలో అసలు భాగం. మీరు ఏప్రిల్‌లో వెళ్ళడం అదృష్టం. ఎందుకంటే అది క్రాఫిష్ కాలం.

క్రాఫిష్ అంటే మంచినీటి రొయ్యకి, చిన్న పీతకి మధ్యలో ఉండే ప్రాణి. వేలెడంత తోక, ముందు రెండు డెక్కలు. సీజన్ జనవరి నుంచి జూన్ దాకా ఉన్నా, మార్చి నుంచి మే వరకు కాయ పెద్దగా ఉంటుంది, ధర దిగుతుంది. హ్యూస్టన్ నుంచి ఐ-10 మీద లఫాయెట్‌కి వెళ్తూ లేక్ చార్లెస్ దాటాక, క్రౌలీ చుట్టుపక్కల కిటికీలోంచి చూడండి. నీళ్ళు నిలిచిన చేలలో వరసగా వలగంపల మూతులు పైకి కనబడతాయి. అవన్నీ వరి చేలే. వేసవిలో వరి కోస్తారు, శరదృతువులో మళ్ళీ నీళ్ళు పెడతారు, బొరియల్లో దాక్కున్న క్రాఫిష్ పిల్లల్తో బయటికొస్తుంది, చలికాలం నుంచి వసంతం దాకా పడతారు. అదే చేలో వరి, అదే చేలో రొయ్యలాంటి పంట. కృష్ణా, గోదావరి జిల్లాల నుంచి వెళ్ళినవాళ్ళు కారు ఆపి చూడదగ్గ దృశ్యం అది.

దీన్ని రెండు పద్ధతుల్లో తినొచ్చు. దక్షిణ లూసియానాలో ఉండే ఫ్రెంచి సంతతివాళ్ళయిన కేజన్ల పద్ధతిలో కారం, ఉప్పు, నిమ్మకాయ, మసాలా అన్నీ ఉడికే నీళ్ళలోనే వేస్తారు. క్రాఫిష్ కొద్ది నిమిషాలే ఉడుకుతుంది, తర్వాత మంట ఆర్పి అదే నీళ్ళలో 15 నుంచి 30 నిమిషాలు నాననిస్తారు. కారం పట్టేది ఆ నానడంలోనే. హ్యూస్టన్ పద్ధతి వియత్నాం వాళ్ళది. 1975 తర్వాత శరణార్థులుగా వచ్చి గల్ఫ్ తీరంలో స్థిరపడ్డ కుటుంబాలు ఉడికిన క్రాఫిష్‌ని మళ్ళీ వెన్న, బోలెడంత వెల్లుల్లి, కారంలో పొర్లించి ఇస్తాయి. మన నోటికి హ్యూస్టన్‌దే ఎక్కువ నచ్చే అవకాశముంది. అయినా మొదటిసారి లూసియానాలోనే తినండి. వెల్లుల్లి వెన్న పైన పడితే అడుగున ఉన్న ప్రాణి తీపి తెలియదు.

పౌన్ల లెక్కన అమ్ముతారు. మెనూలో 'మార్కెట్ ప్రైస్' అని ఉంటుంది, ఆర్డరిచ్చే ముందే ఆ రోజు ధర అడగండి. మూడు పౌన్లంటే పళ్ళెం గుట్టగా కనిపించి భయపడతారు గానీ, అందులో తినే మాంసం ఆరో వంతు, ఏడో వంతుకి మించదు. అంటే సుమారు 200 గ్రాములు. మొదటిసారికి మూడు పౌన్లు సరిపోతాయి. సాసేజ్ కలపొద్దని ముందే చెప్పండి. కొన్నిచోట్ల అదే గుండిగలో పంది సాసేజ్ వేసి ఉడికిస్తారు, అలాగైతే విడిగా తీసిపెట్టినా లాభం లేదు. అదే గుండిగలో ఉడికిన మొక్కజొన్న కండె, బంగాళదుంప కూడా వస్తాయి. మీ ఆవిడగారికి అవి పనికిరావు. మీరైనా ముందు కొసరి చూడండి, దుంప ఉప్పునీ కారాన్నీ స్పాంజిలా పీల్చుకుంటుంది.

ఒలవడం ఇలా. ఎడమ చేత్తో తల, కుడి చేత్తో తోక పట్టుకుని, ఒకదాన్ని ఒకదానికి ఎదురు తిప్పి లాగండి. రెండుగా విడిపోతుంది. తల వైపు పసుపు రంగు మెత్తటి పదార్థం కనిపిస్తుంది. దాన్ని ఇక్కడివాళ్ళు కొవ్వు అంటారు, నిజానికి అది ఆ ప్రాణి కాలేయంలాంటి భాగం. పీత గుజ్జు ఇష్టపడేవాళ్ళు తల చీకుతారు, రుచంతా అక్కడే ఉంటుంది. తర్వాత తోక పెంకులో మొదటి ఒకటి రెండు కట్లు బొటనవేలితో వలిచేసి, తోక చివర నొక్కుతూ మాంసం మెల్లగా లాగితే ఒకే ముక్కగా జారి వస్తుంది. వీపు మీద నల్ల దారంలాంటి పేగు ఉంటుంది, దాన్ని లాగి పారేయండి. పెంకు మాంసాన్ని అంటిపెట్టుకుని రాకుండా విసిగిస్తోందంటే ఎక్కువ ఉడికిపోయిందని అర్థం, మీ చేతి తప్పు కాదు. తోక ముడుచుకోకుండా చాచుకుని ఉండి, లోపల మాంసం పిండిలా మెత్తగా ఉన్నవి పక్కన పెట్టేయండి. కళ్ళజోడు సర్దుకునే అలవాటుంటే చేతికి తొడుగులు అడగండి. ఆ కారం కంట్లో పడితే మిగతా పూటంతా పాడు. బీపీ కూడా ఉంటే ఆ రోజు మిగతా పూట ఉప్పు తగ్గించండి.

ఒలిచే ఓపిక లేకపోతే 'ఎటుఫే' చెప్పండి. ఉల్లిపాయ, సెలెరీ కాడలు, బెల్ పెప్పర్ (క్యాప్సికం) మూడిటినీ వెన్నలో మగ్గించి, ఒలిచిన క్రాఫిష్ తోకలు వేసి, చిక్కటి ఇగురులా చేసి అన్నం మీద పోస్తారు. క్రాఫిష్ ఎటుఫేలో మామూలుగా పంది పడదు, అయినా అడగండి. అన్నంతో తినే ఈ ప్రాంతపు వంటల్లో మీకు ముందు చెప్పదగ్గది ఇదే. లఫాయెట్ పక్కనే ఉన్న బ్రో బ్రిడ్జ్ ఊరిని 1959లో లూసియానా శాసనసభ ప్రపంచ క్రాఫిష్ రాజధానిగా ప్రకటించింది. ఎటుఫే అక్కడ తినండి. అదే కొట్లో 'బూడా' అని ఆవిరి కక్కుతూ కనిపించేది అన్నం, పంది మాంసం, కాలేయం కూరిన సాసేజ్. 'క్రాఫిష్ బూడా' అని రాసి ఉన్నా మోసపోవద్దు. లోపల క్రాఫిషే అయినా పైతొడుగు పంది పేగు.

గంబో అనే పులుసులాంటి వంటకం గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మీలాంటి వాళ్ళు ఎక్కువగా ఆశపడేదీ, ఎక్కువగా ఇబ్బంది పడేదీ దానితోనే. ఆ పేరు ఆఫ్రికా భాషల్లో బెండకాయకున్న పేరు నుంచి వచ్చిందంటారు. అడుగున ఉండేది 'రూ'. నూనె, మైదా సమానంగా, అంటే అర కప్పుకి అర కప్పు తీసుకుని, సన్నటి సెగ మీద గరిటె ఆపకుండా 30 నుంచి 45 నిమిషాలు వేయిస్తారు. తెల్లటి ముద్ద ముందు వేరుశనగ ముద్ద రంగుకి, తర్వాత రాగి రంగుకి, చివరికి చాక్లెట్ రంగుకి తిరుగుతుంది. మధ్యలో నల్ల చుక్కలు తేలితే మాడినట్టే, మొత్తం పారబోసి మళ్ళీ మొదలుపెట్టాలి. ఆ చేదుని ఏ మసాలా కప్పలేదు. మీ ముందుకొచ్చిన గంబో చేదుగా అనిపిస్తే కారణం అదే. ముదురు రూ చిక్కదనం తక్కువిస్తుంది, అందుకే మంచి గంబో మన పప్పుచారంత పల్చగా కూడా ఉండొచ్చు. అది లోపం కాదు. చిక్కదనం కోసం కొందరు బెండకాయ వేస్తారు, కొందరు 'ఫీలే' అనే ఎండు ఆకుల పొడి చల్లుతారు. సాసఫ్రాస్ చెట్టు ఆకులవి, చోక్టా ఆదివాసుల నుంచి వచ్చిన అలవాటు. ఫీలేని మరిగే గిన్నెలో వేస్తే తీగలు సాగుతుంది. అందుకే దించాక వేస్తారు, బల్ల మీదా పెడతారు.

కోడి గంబో అంటే దాదాపు ఎప్పుడూ కోడి, ఆండూయి కలిసి ఉంటాయి. మీరు 'సీఫుడ్ గంబో' అడగాలి, అందులోనూ సాసేజ్ గానీ హామ్ గానీ లేదని నిర్ధారించుకోవాలి. గిన్నెలో అన్నం రెండు చెంచాలే ఉంటుంది, 'ఎక్స్‌ట్రా రైస్' చెప్పండి. మీ ఆవిడగారికి మాత్రం గంబో జోలికి వెళ్ళొద్దని చెప్పాలి. 'గంబో జెర్బ్' అని ఆకుకూరల గంబో ఉంటుంది. ఏడెనిమిది రకాల ఆకులు వేస్తారు గనక శాకాహారమే అనుకుంటాం, కానీ న్యూ ఆర్లియన్స్ పద్ధతిలో దాంట్లో మాంసాలు కూడా పడతాయి.

మరి ఆవిడ ఏం తినాలి? 'మాక్ షూ' అడగండి. లేత మొక్కజొన్న గింజల్ని కండె నుంచి చెక్కి, కండెలో మిగిలిన పాలు కూడా గీకి, ఉల్లిపాయ, బెల్ పెప్పర్, టమాటాతో మగ్గించే కూర. వెన్నతో చేస్తే ఆవిడకి పండగ, బేకన్ కొవ్వుతోనో టాసోతోనో చేస్తే వదిలేయాలి. 'గ్రిట్స్' అంటే అచ్చంగా మొక్కజొన్న రవ్వ సంకటి. ఒక వంతు రవ్వకి నాలుగు వంతుల నీళ్ళు, రాతి తిరగలి రవ్వయితే ముప్పావు గంట ఉడుకుతుంది. నీళ్ళతోనో, పాలతోనో చేశారా, బ్రాత్‌తోనా అని అడిగి 'చీజ్ గ్రిట్స్' తీసుకోండి. చప్పగా ఉంటే దాని మీద మిరప సాస్, మిరియాలు. బెండకాయ ముక్కల్ని మొక్కజొన్న పిండిలో దొర్లించి వేయించే 'ఫ్రైడ్ ఓక్రా' చాలాచోట్ల దొరుకుతుంది, కానీ అదే నూనెలో చేపలు వేయిస్తారు. వేరే మూకుడు ఉందా అని అడిగే తీసుకోవాలి. ఆకుకూర కదా అని 'కాలర్డ్ గ్రీన్స్' తెప్పించుకోవద్దు, హామ్ హాక్ లేని కాలర్డ్ అరుదు.

ఇంకో సంగతి. దక్షిణ లూసియానాలో కాథలిక్కులు ఎక్కువ. ఈస్టర్‌కి ముందు లెంట్ రోజుల్లో శుక్రవారాలు వాళ్ళు మాంసం తినరు. మీరు వెళ్ళేది ఈస్టర్‌కి ముందైతే, లఫాయెట్‌లో శుక్రవారం ఉండేట్టు చూసుకోండి. ఆ రోజు హోటళ్ళలో చేపలు, రొయ్యలు, క్రాఫిష్ ప్రత్యేకంగా చేస్తారు, మాంసం లేని కూరలూ మామూలు కన్నా ఎక్కువ కనిపిస్తాయి.

లఫాయెట్‌లో ఉండగా ఒక పూట ఏవరీ ఐలండ్‌కి వెళ్ళిరండి, కారులో ముప్పావు గంట. టబాస్కో సాస్ 1868 నుంచి అక్కడే తయారవుతోంది. పండు మిరపకాయల్ని కోసిన రోజే ఉప్పు వేసి నూరి, ఓక్ పీపాల్లో నింపి, మూత మీద మళ్ళీ ఉప్పు పరిచి మూడేళ్ళ దాకా ఊరబెడతారు. తర్వాత వెనిగర్ కలిపి వడగడతారు. మిరప, ఉప్పు, వెనిగర్, ఇంకేం లేదు. పండుమిరప పచ్చడి జాడీకెత్తే ఇంటివాళ్ళు ఆ పీపాల గది ముందు కాసేపు నిలబడిపోతారు. పూర్తిగా శాకాహారం గనక, ఒక చిన్న సీసా మీ ఆవిడగారి సంచీలో ఉంటే ఆవిడ గ్రిట్స్‌కీ, బంగాళదుంపకీ, మీ గుడ్డుకీ పనికొస్తుంది.

న్యూ ఆర్లియన్స్‌లో పొద్దున్నే కెఫే డు మోండ్. 1862 నుంచి ఉన్న కాఫీ కొట్టు. చికోరీ కలిపిన డికాక్షన్‌లో సగానికి సగం వేడి పాలు పోసి ఇస్తారు. 1860ల అమెరికా అంతర్యుద్ధం రోజుల్లో రేవు దిగ్బంధం వల్ల కాఫీ గింజలు దొరక్క చికోరీ వాడకం పెరిగింది, యుద్ధం అయిపోయాక కూడా ఆ రుచి పోలేదు. ఫిల్టర్ కాఫీ తాగే మీ ఇద్దరికీ అమెరికా మొత్తంలో ఇంట్లో ఉన్నట్టనిపించే కాఫీ ఇదే కావచ్చు. దాంతో పాటు 'బెన్యే', పొంగిన చదరపు బూరెల్లాంటివి, పళ్ళానికి మూడు, మీద గుట్టగా పొడి చక్కెర. షుగర్ ఉంది గనక మీ ఇద్దరికీ ఒక్క పళ్ళెం తీసుకోండి, మీ వాటా దులిపి తినండి. కాఫీలో చక్కెర విడిగానే వేసుకుంటారు, కాబట్టి అది మీ చేతిలో ఉంది. కొరికేటప్పుడు ఊపిరి లోపలికి పీల్చకండి, పొడి గొంతులో పడి పొలమారుతుంది.

మధ్యాహ్నం 'పో బాయ్'. 1929లో ట్రామ్ కార్మికుల సమ్మె జరిగినప్పుడు, ఒకప్పుడు ట్రామ్‌లోనే పనిచేసిన మార్టిన్ సోదరులు సమ్మెలో ఉన్నవాళ్ళకి ఉచితంగా పెట్టిన శాండ్‌విచ్ ఇది. 'అదిగో ఇంకో పూర్ బాయ్ వస్తున్నాడు' అనుకునేవారట, ఆ పేరే నిలిచింది. వేయించిన రొయ్యలది గానీ, క్యాట్‌ఫిష్‌ది గానీ సగం సైజు చెప్పండి. 'డ్రెస్డ్' అంటే లెట్యూస్, టమాటా, పికిల్ (మన ఊరగాయ కాదు, ఊరేసిన దోసకాయ ముక్కలు), మయోనీస్ వేసి. రొట్టె పైపెంకు పెళుసుగా, లోపల దూదిలా ఉంటుంది. కట్టించుకుని హోటల్ గదికి తీసుకెళ్తే ఇరవై నిమిషాల్లో తడిసి ముద్దవుతుంది, అక్కడే తినాలి. బంగాళదుంప వేపుడు పెట్టిన పో బాయ్ కూడా ఉంది గానీ, దాని మీద గొడ్డు మాంసపు గ్రేవీ పోయడం ఆనవాయితీ. మీ ఆవిడగారికైతే "నో గ్రేవీ" అని గట్టిగా చెప్పాలి.

రొయ్యల విషయంలో ఒక మాట. అమెరికాకి వెళ్ళే మన రొయ్యల్లో పెద్ద వాటా ఆంధ్ర తీరానిదే. అంత దూరం వెళ్ళి భీమవరం రొయ్యే తినడమెందుకు? 'గల్ఫ్ ష్రింప్' ఉందా అని అడగండి. దిగుమతి రొయ్యలో, క్రాఫిషో వాడితే ఆ సంగతి గిరాకీలకి తెలపాలని లూసియానాలో చట్టం ఉంది, మెనూ అడుగున చిన్న అక్షరాలు చూడండి. 'బార్బెక్యూ ష్రింప్' అని ఉంటే నిప్పుల మీద కాల్చినవి అనుకోకండి. తలలతో సహా రొయ్యల్ని వెన్న, మిరియాల పొడి, వూస్టర్ సాస్‌లో ఉడికించి ఇస్తారు, ఆ రసంలో రొట్టె అద్దుకు తినాలి. మీకు తప్పకుండా నచ్చుతుంది. 'బ్లాకెండ్' చేప కూడా అంతే. వెన్నలో ముంచి, కారం మసాలా దట్టించి, ఎర్రగా కాలిన ఇనప పెనం మీద వేస్తారు. మాడినట్టు కనిపించే ఆ నల్ల పొర మసాలాదే.

సోమవారాలు ఊరంతా 'రెడ్ బీన్స్ అండ్ రైస్' వండుతారు. మన రాజ్మాలా కనిపించి మీ ఆవిడగారికి ఆశ పుట్టిస్తుంది. పంది లేకుండా దొరకడం అరుదు, శాకాహారమని స్పష్టంగా రాసిన చోటే తీసుకోండి. జంబలాయాకీ ఇదే మాట, మన పలావులా ఉంటుంది, ఆండూయి లేకుండా దొరకడం అరుదు.

పచ్చి ఆయిస్టర్లు, అంటే పెంకులో ఉండే ఒక రకం సముద్రపు ఆల్చిప్పలు, మీరు తినొద్దు. గల్ఫ్ నీళ్ళలో విబ్రియో అనే బాక్టీరియా ఉంటుంది. షుగర్, కాలేయ జబ్బులు ఉన్నవాళ్ళకి అది ప్రాణం మీదికి తెస్తుంది. నిమ్మరసం, మిరప సాస్, మద్యం ఏవీ దాన్ని చంపవు. బాగా ఉడికితేనే చస్తుంది. పెంకులోనే వెల్లుల్లి వెన్న, చీజ్ వేసి నిప్పుల మీద కాల్చే 'చార్‌గ్రిల్డ్' ఆయిస్టర్లు బాగా కాలాక తినండి.

కూర్చోబెట్టి వడ్డించే హోటల్లో బిల్లు మీద 18 నుంచి 20 శాతం టిప్పు మామూలు. 'గ్రాట్యుటీ' అని బిల్లులోనే కలిపారేమో ముందు చూడండి. ఒక్క పళ్ళెం ఇద్దరికి సరిపోతుంది, పంచుకుంటామంటే ఎవరూ ఏమీ అనరు.

పులిహోర మొదటి రోజు మధ్యాహ్నానికి మాత్రం కట్టుకోండి. ఏప్రిల్‌లో అక్కడ కారు ఎండలో ఆగితే లోపల పొయ్యిలా ఉంటుంది. వండిన అన్నం రెండు గంటలకి మించి చల్లదనం లేకుండా ఉండకూడదు, ఐసు పెట్టిన కూలర్‌లో పెట్టాలి. చపాతీలు, పెరుగు డబ్బా, ఆవకాయ చిన్న సీసా మాత్రం ఆరు రోజులూ కూలర్‌లో ఉంచండి. లఫాయెట్‌లో ఏ కూరా కుదరని పూట మీ ఆవిడగారు తెల్లన్నం ఒక గిన్నె అడిగి తెప్పించుకోవచ్చు. అక్కడ అది దొరకని హోటల్ ఉండదు. నీళ్ళలోనే వండారా అని మాత్రం అడగండి.

తిరుగు ప్రయాణంలో కాఫీ కొనుక్కుంటే డబ్బా మీద 'కాఫీ అండ్ చికోరీ' అని ఉందో లేదో చూసుకోండి. పక్కనే కెఫీన్ తీసేసిన రకం కూడా ఉంటుంది.